పౌడరు పూసిన ఇంజను

నందిగామలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం నాది. ఏటా ఒత్తిడి పాఠం చెబుతాను. మూసిన పాత్రలో గాలిని నొక్కితే అది ఊరుకోదు, ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి బయటికి వస్తుందని బల్ల గుద్ది మరీ చెబుతాను. ఈ సంగతి ముందే ఎందుకు రాస్తున్నానంటే, నేను చేసిన పని తెలియక చేశానని చదివేవాళ్ళెవరూ అనుకోకూడదు. చెప్పేవి శ్రీరంగనీతులు అనే సామెత నా కోసమే పుట్టి ఉంటుంది.

నాకో పాత ఇంగ్లండు మోటార్ సైకిల్ ఉంది. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న బళ్ళలో ఒకటట. ఎన్ని చేతులు మారిందో, చివరికి పరిటాలలో మా మామగారి పశువుల కొట్టంలో గోనెసంచుల కింద తేలింది. నేను ఆశగా చూస్తుంటే మా మామగారు, "తీసుకుపోతే పోండి అల్లుడుగారూ, గేదెకి చోటన్నా మిగులుద్ది" అన్నారు. ఆ మాటలో వెటకారం ఉందని తెలిసినా నేను పట్టించుకోలేదు. ట్రాలీ ఆటోలో వేయించుకుని వచ్చాను.

దాన్ని మళ్ళీ నడిపించింది జగ్గయ్యపేటలో ఒక పెద్దాయన. ముక్త్యాల వెళ్ళే రోడ్డులో, సిమెంటు లారీల దుమ్ము పడే చోట ఆయన మెకానిక్ షాపు. ముందు కొట్టు, వెనక ఇల్లు, పక్కనే టీ కొట్టు. డెబ్బై దాటిన మనిషి. ఇలాంటి బళ్ళ పని వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడు. అందరూ భాయ్ అనేవాళ్ళు, నేనూ భాయ్ అనే పిలిచేవాణ్ణి. ఆయన నన్ను మాస్టారూ అనేవాడు.

ఈ ఇంగ్లండు బళ్ళకు ఆయిల్ కారడం పుట్టుకతో వచ్చిన జబ్బు. నా బండి మొదట్లో ఎక్కడ పడితే అక్కడ కారేది. కొత్తకాలం మెకానిక్‌లు ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ ఇంత జిగురు పూసి పంపిస్తారు. భాయ్ పద్ధతి వేరు. ముందు ఇంజనంతా కిరసనాయిలుతో కడిగేవాడు. బనీను గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టేవాడు. తర్వాత లోపలికి కేకేసి కూతురి పౌడరు డబ్బా తెప్పించేవాడు. ముఖానికి రాసుకునే మామూలు పౌడరే. దాన్ని ఇంజను మీద సన్నగా చల్లి, ఎక్కువైన చోట నోటితో ఊదేవాడు. మల్లెపూల వాసన వేసే తెల్లటి ఇంజనును ఎక్కి గరికపాడు చెక్‌పోస్టు దాకా వెళ్ళి వచ్చేవాడు. దారిలో లారీడ్రైవర్లు చూసి నవ్వేవాళ్ళట. వచ్చాక ముక్కాలి పీట వేసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పౌడరు మీద నల్లటి గీత ఎక్కడ మొదలైందో వెతికేవాడు.

"ఆయిల్ పైనుంచి కిందికి జారుద్ది, గాలికి వెనక్కి పోద్ది. తడిసిన చోటు చూడకూడదు మాస్టారూ, తడి పుట్టిన చోటు చూడాల" అని నాకు పాఠం చెప్పేవాడు.

అలా ఒక్కొక్క కారుడూ పట్టుకుని మాన్పించాడు. ఆఖరికి ఒక్క చోట మిగిలింది. ఇంజను కింద వేలెడు పొడవున్న సన్నని గొట్టం. ఇంటికెళ్ళి బండి ఆపితే దాని చివర నుంచి రెండు చుక్కలు రాలేవి. అదేమిటని అడిగాను.

"అది గాలి గొట్టమండి. పిస్టన్ దిగినప్పుడల్లా లోపలున్న గాలి దాంట్లోంచే బయటికి రావాల. దాంతోపాటు రెండు చుక్కలు వస్తయ్. అది రోగం కాదు. కింద అట్టముక్క వేసుకోండి, చాలు" అన్నాడు.

అట్టముక్కతో సరిపెట్టుకుని ఉంటే నేనివాళ ఇది రాసేవాణ్ణి కాదు. అప్పుడే మా ఇంటి వరండాకు లేత రంగు టైల్స్ వేయించాం. అట్టముక్క వేస్తే గాలికి ఎగిరిపోయేది. వారం తిరక్కుండా టైల్స్ మీద నాలుగు మరకలు తేలాయి. మా ఆవిడ పెద్దగా అరిచే మనిషి కాదు. కాఫీ ఇస్తూ, "ఈ వరండాలో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. బాగా ఆలోచించుకుని చెప్పండి" అంది. ఆలోచించుకున్నాను. మా అమ్మ వాడి పారేసిన ఇన్సులిన్ సీసా రబ్బరు మూత ఒకటి కిటికీలో కనిపించింది. గొట్టానికి పెట్టి చూస్తే చేయించినట్టు సరిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బండి ఆపగానే మూత పెట్టాలి, బండి బయటికి తీసేటప్పుడు మూత తియ్యాలి. ఇదీ నేను పెట్టుకున్న నియమం. పది రోజులు పాటించాను. తర్వాత ఒక రోజు మూత తియ్యడం మరిచిపోయి అలాగే కాలేజీకి వెళ్ళి వచ్చాను. చూస్తే ఇంజను తల దగ్గర, పక్కన నిలువుగా ఉండే పుష్‌రాడ్ గొట్టాల దగ్గర, అంతకుముందు భాయ్ మాన్పించిన ప్రతి చోటా ఆయిల్. నాకు మూత సంగతి తట్టలేదని రాస్తే సగం అబద్ధమవుతుంది. తట్టింది. ఇంత చిన్న రబ్బరు ముక్క అంత పని చేస్తుందా అని కొట్టిపారేశాను. భాయ్ అతుకుల మధ్య వేసిన గాస్కెట్లు సరిగ్గా కూర్చోలేదనుకోవడం నాకు సుఖంగా ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఇక్కడినుంచి నా అసలు నిర్వాకం. భాయ్ దగ్గరికి వెళ్ళే రోజు బండి శుభ్రంగా కడిగేవాణ్ణి. మూత తీసి చొక్కా జేబులో వేసుకునేవాణ్ణి. దాన్ని చూస్తే ఆయన తిడతాడని భయం. తిట్టే మనిషి కాదు, అయినా భయం. ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు మాత్రమే ల్యాబ్ తుడిపించే మా కాలేజీ బుద్ధి నాకూ పట్టినట్టుంది. దాంతో ఏమయిందంటే, జగ్గయ్యపేటలో ఉన్నంతసేపూ బండి కారేది కాదు. గొట్టం తెరిచి ఉంది కాబట్టి కారదు. నందిగామలో వారంలో నాలుగు రోజులు మూత తియ్యడం మరిచిపోయేవాణ్ణి కాబట్టి కారేది.

మొదటిసారి వెళ్ళి చెప్పినప్పుడు భాయ్ పౌడరు చల్లి గరికపాడు వెళ్ళి వచ్చాడు. పౌడరు తెల్లగా అలాగే ఉంది. అయినా నా మాట తీసెయ్యలేక ఇంజను పైకప్పు విప్పి గాస్కెట్ మార్చాడు. రెండోసారి ఇంజను హెడ్డు దించి, దాని అడుగు సమం కావడానికి అద్దం పలక మీద పేస్టు వేసి మూడు రోజులు చేత్తో అరగదీశాడు. మళ్ళీ పౌడరు, మళ్ళీ గరికపాడు. ఒక్క చుక్క లేదు. నేను ఇంటికి తెచ్చాక వారంలో మళ్ళీ మామూలే.

"మా ఇంట్లో కారేది మీ దగ్గరెందుకు కారదు భాయ్?" అని అడిగాను. జేబులో మూత పెట్టుకునే అడిగాను.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఒకసారి నేనే నందిగామ వచ్చి, మీ ఇంటి కాడ చూస్తా మాస్టారూ. రెండు రోజులు ఉంటే దొరికిపోద్ది" అన్నాడు.

"వద్దులే భాయ్, ఈ వయసులో మీకంత శ్రమ ఎందుకు" అన్నాను. ఎంత మర్యాదస్తుణ్ణో చూడండి.

అప్పటికి ఏడాది కిందట ఆయనకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఇక పని మానెయ్యమని కూతురు పోరుతూ ఉండేది. ఆమె వెనక గదిలో మిషన్ కుట్టేది, నలుగురు ఆడవాళ్ళు ఎప్పుడూ జాకెట్ల కోసం వచ్చిపోతుండేవారు. ఇల్లు గడవడానికి ఆయన పని చెయ్యక్కర్లేదు. విప్పిన బోల్టులు నేను అందిస్తూ కూర్చున్న ఒక రోజు ఆమె నా ముందే, "మీరైనా చెప్పండి సార్" అంది. భాయ్ నవ్వి, "నా కళ్ళ మీద నాకు నమ్మకం ఉన్నంత కాలం చేస్తానమ్మా. అది పోయిన రోజు నువ్వు చెప్పక్కర్లేదు, నేనే పానా కింద పెడతా" అన్నాడు. ఆ మాట నేను విన్నాను. బాగా గుర్తుంది కూడా.

మూడోసారి జరిగింది ఇది. కాలేజీ వార్షికోత్సవం రోజు మా ప్రిన్సిపాల్ గారు ముచ్చటపడి, "మీ ఇంగ్లండు బండి ఎక్కించరూ" అని నా వెనక కూర్చున్నారు. తెల్ల ప్యాంటు వేసుకుని ఉన్నారు. గాంధీ సెంటర్ దాకా వెళ్ళి వచ్చేసరికి ఆయన కుడికాలు మోకాలి నుంచి పాదం దాకా నల్లగా అయింది. ఆయన ఆ ప్యాంటుతోనే వేదిక మీద దీపం వెలిగించారు. ముందు వరసలో పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. లెక్చరర్లు మూసుకోకుండానే నవ్వారు. ఆ సాయంత్రం బండి దగ్గర వంగి చూస్తే గొట్టానికి మూత ఉంది. తీసి జేబులో వేసుకున్నాను. సిగ్గు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆదివారం పొద్దున అలవాటు ప్రకారం బండి కడిగి, ఆరబెట్టి, మూత జేబులో వేసుకుని జగ్గయ్యపేట వెళ్ళాను. టీ కొట్టు దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. బండి స్టాండ్ వేసి దిగీ దిగగానే మొదలుపెట్టాను. ప్రిన్సిపాల్ ప్యాంటు సంగతి చెప్పాను. అక్కడితో ఆగలేదు.

"కళ్ళు కనపడకపోతే కనపడటం లేదని చెప్పాలి భాయ్. కొట్టు తెరుచుకుని జనం బళ్ళు పాడు చెయ్యడం ఎందుకు?" అన్నాను. తరగతి గదిలో వెనక బెంచీకి వినపడేలా మాట్లాడే గొంతు నాది. రోడ్డు అవతలి వాళ్ళు కూడా తిరిగి చూశారు.

భాయ్ పీట తెచ్చుకుని ఇంజను ముందు కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వేలితో ఒక్కొక్క అతుకూ తడిమాడు. గాలి గొట్టం చివర కూడా తడిమాడు. నా చెయ్యి దానంతటది జేబు మీదికి వెళ్ళింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడు కథలోనే ఉంటాడనుకునేవాణ్ణి.

"ఇంకోసారి పౌడరు చల్లి చూద్దాం మాస్టారూ" అన్నాడు.

"మీ పౌడర్లూ వద్దు, స్నోలూ వద్దు" అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అప్పుడాయన టీ కొట్టతన్ని పిలిచాడు. "ఇట్టా రా. నాకు ఇదంతా పొడిగానే కనపడతా ఉంది. నీకెట్టా ఉంది, చెప్పు" అన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

టీ కొట్టతను వంగి ఇంజను చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. లెక్చరర్‌ని, కోపంగా ఉన్నాను. "కొంచెం తడిగానే ఉన్నట్టుంది భాయ్" అన్నాడు.

అది ఎండిన మట్టిపెళ్ళంత పొడిగా ఉంది. గంట కిందట కడిగి ఆరబెట్టింది నేనే. ఆ సంగతి అక్కడ నా ఒక్కడికే తెలుసు. నేను నోరు విప్పలేదు.

భాయ్ మళ్ళీ ఒకసారి చూశాడు. ఈసారి వేలు పెట్టి చూసి, ఆ వేలిని వెలుగులో పట్టుకుని చూసుకున్నాడు. "అయితే నాదే తప్పండి" అన్నాడు. నేను బండి తీసుకుని వచ్చేశాను.

తర్వాతి నెల విజయవాడలో ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్ళాను. ఆ రోజు మూత తీయడం మరిచిపోయాను. అక్కడి మెకానిక్ నిమిషం కూడా చూడలేదు. "ఈ బ్రీదర్ గొట్టానికి మూత పెట్టిందెవరండీ? లోపల ప్రెషర్ ఎక్కి అన్ని గాస్కెట్లలోంచి తన్నుతోంది" అన్నాడు. నేను ఏటా బల్ల గుద్ది చెప్పే ముక్కే.

"జగ్గయ్యపేటలో ఎవరో పెట్టారు" అన్నాను.

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడికైనా కాస్త సిగ్గు ఉంటుంది. ఆ మెకానిక్ మూత తీసి పారేశాడు. అప్పటినుంచి బండి రెండు చుక్కలు తప్ప కారలేదు. అట్టముక్క మీద ఒక ఇటుక పెడితే అది గాలికి ఎగరదని కూడా అప్పుడే కనిపెట్టాను.

జగ్గయ్యపేట వెళ్ళి నిజం చెప్పాలని వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ నాలుగు నెలలు గడిపాను. చిల్లకల్లు దాకా వెళ్ళి, టిఫిన్ తిని వెనక్కి వచ్చిన ఆదివారాలు రెండున్నాయి. కోపం వస్తే ముప్పై కిలోమీటర్లు ఎంత తొందరగా అయిపోతాయో, తప్పు ఒప్పుకోవాలంటే అంత పొడుగవుతాయి.

ఆఖరికి వెళ్ళాను. షాపు ముందు పాత టైర్లు లేవు. లోపల గోడకు పానాలు వేలాడే చోట జాకెట్లు వేలాడుతున్నాయి. కూతురు మిషన్ ముందు గదిలోకి వచ్చేసింది. భాయ్ ఆమె పక్కన కుర్చీలో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. మొదటిసారికే ఎక్కించి, సూది ఆమెకిచ్చి, ఇంకోటి తీసుకున్నాడు. దానికీ మొదటిసారికే ఎక్కింది.

నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. "రండి మాస్టారూ, బండి ఎట్టా ఉంది?" అన్నాడు. ఆ పలకరింపుకే నాకు ఏడుపొచ్చింది. కూర్చోకుండానే చెప్పాను. మూత సంగతి, జేబు సంగతి, విజయవాడలో ఆయన మీదికి నెట్టిన సంగతి, ఏదీ దాచలేదు. కూతురు మిషన్ ఆపేసింది.

ఆయన నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "అయితే ఆ రోజు ఇంజను పొడిగానే ఉందా?"

"పొడిగానే ఉంది భాయ్."

"మరి టీ కొట్టబ్బాయి తడిగా ఉందన్నాడే."

"నా కోపం చూసి అన్నాడు."

భాయ్ తన చేతులు చూసుకున్నాడు. "ఆ రోజు కాణ్ణుంచి దేన్ని చూసినా అనుమానమేనండి. అన్నంలో రాయి ఉందేమోనని వేళ్ళతో తడిమి తడిమి తింటున్నా" అన్నాడు. ఫిర్యాదులా అనలేదు. జ్వరం వచ్చి తగ్గిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

నేను చేతులు పట్టుకోబోయాను. ఆయన వద్దన్నట్టు తల ఊపాడు. "అయ్యేం వద్దు మాస్టారూ. మీరు ఆ రోజు ఏడ నిలబడి అన్నారో ఆడే నిలబడి, మూత పెట్టింది మీరేనని, ఇంజను పొడిగా ఉందని చెప్పండి. నలుగురు వింటే చాలు. మళ్ళీ షాపు తెరుస్తా" అన్నాడు. కూతురి వైపు తిరిగి, "కదమ్మా?" అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళి ఆయనకు ఉతికిన చొక్కా తెచ్చి ఇచ్చింది. చొక్కా మార్చుకుని, గుమ్మం ముందున్న రెండు మెట్లూ గబగబా దిగి ఆయనే ముందు నడిచాడు.

టీ కొట్టు దగ్గర కొట్టతను, ఇద్దరు లారీడ్రైవర్లు, బెంచీ మీద పేపరు చదువుకుంటున్న ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆ పెద్దమనిషి నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "నమస్కారం సార్. మా అమ్మాయికి ఫిజిక్స్ మీరే చెప్పారండి. ఇప్పటికీ మీ పేరే చెప్పుద్ది" అని, టీ కొట్టతనితో, "సార్‌కి మంచి టీ ఇవ్వు" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. భాయ్ నా పక్కనే నిలబడ్డాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "ఆ రోజు భాయ్‌ని తొందరపడి ఒక మాట అన్నాను. అది తప్పు. ఆయన పనిలో లోపం లేదు" అన్నాను. అంతవరకూ బాగానే వచ్చింది. తర్వాత చెప్పాల్సిన ముక్క నాలుక మీదే ఉంది. ఆ పెద్దమనిషి టీ గ్లాసు నా చేతికిచ్చి, ఇంకా ఏం చెబుతానా అని గౌరవంగా చూస్తున్నాడు.

"పాత బండి కదా, దాంట్లోనే ఏదో లోపం ఉంది. విజయవాడలో చూపిస్తే సరిచేశారు" అన్నాను.

టీ కొట్టతను సానుభూతిగా తల ఊపాడు. "అంతేలెండి సార్. పెద్దవయసు, అయినకాడికి చేశాడు పాపం" అన్నాడు.

భాయ్ నా నోటి వంకే చూస్తున్నాడు. తర్వాత, నాకొక్కడికే వినపడేలా, "అంతేనా మాస్టారూ?" అని అడిగాడు.

"అంతే భాయ్" అన్నాను.

ఆయన సరేనని వెనక్కి తిరిగాడు. గుమ్మం దగ్గర ఆగి, గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ కాలితో తడుముకుంటూ లోపలికి ఎక్కాడు.